డ్యూటీ దిగినా దిగని బరువు: సమస్య - పరిష్కారం

సమస్య: సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి పడుకుంటే పదింటికే మెలకువ. మళ్లీ నిద్ర పట్టదు, సాయంత్రానికి అందరి మీదా చిరాకు.

కారణం: ముఖ్యంగా వెలుతురు. జూన్‌లో విశాఖలో 5:30 లోపే పొద్దు పొడుస్తుంది. ఆరింటికి స్టీల్‌ప్లాంట్ గేటు దాటి కూర్మన్నపాలెం నుంచి గాజువాక వైపు వస్తుంటే ఎండ ముఖానే కొడుతుంది. పడుకోవాల్సిన ఒళ్లు దాంతో తెల్లారిందనుకుని మేల్కొంటుంది. దానికి తోడు తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ. అందులోని, నిద్రను ఆపే కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు కావాలి.

పరిష్కారం: ఆఖరి టీ రాత్రి ఒంటిగంటకు తాగేయండి. దారిలో నల్లద్దాలు పెట్టుకోండి. కానీ తూగు వస్తుంటే వద్దు, అవి మత్తును పెంచుతాయి. అలాంటి రోజు బండి అక్కడే వదిలి బస్సెక్కండి. ఇంటికొచ్చి స్నానం, రెండు ఇడ్లీలు, 7:30 కల్లా పడక. పల్చటి కర్టెన్ చాలదు, కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. ఫోను పక్క గదిలో ఉంచి, కాలింగ్ బెల్ ఆపేయండి. మన ఉక్కపోతకు ఫ్యాను గాలి నేరుగా ఒంటికి తగలాలి, చెమట ఆరకపోతే నిద్ర నిలవదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు లేచినా పర్వాలేదు. మళ్లీ డ్యూటీకి వెళ్లేముందు, 6:30 నుంచి 8 దాకా ఇంకో గంటన్నర పడుకోండి. చాలామంది వదిలేసేది ఈ రెండో నిద్రనే, పిల్లలు ఇంట్లో ఉండే వేళ కదా అని. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి 6:30 వరకు పూర్తిగా వాళ్లకే ఇస్తే ఆ లోటు ఉండదు.

సమస్య: గుమ్మంలో కాలు పెట్టగానే అరుపులు.

కారణం: పని హడావుడి, ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్, రెండూ ఒంట్లోంచి ఇంకా దిగలేదు.

పరిష్కారం: కాళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని 15 నిమిషాలు ఒక్కరే కూర్చోండి. అందులో 5 నిమిషాలు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఈ 15 నిమిషాలు మగవాళ్ల హక్కు మాత్రమే కాదు. ఉద్యోగం చేసొచ్చిన ఇల్లాలికీ దక్కాలి, ఆ సేపు పొయ్యి మీద కుక్కరు మీరు చూడండి.

సమస్య: పక్క మీద కూడా ఆఫీసు పనే తిరుగుతుంది. రుషికొండ ఐటీ ఉద్యోగాల్లో ఇది ఎక్కువ.

కారణం: సగంలో ఆగిన పనిని మనసు వదలదు.

పరిష్కారం: ఆఫీసులో సీట్లోంచి లేచే ముందు పది నిమిషాలు కేటాయించి, ఎక్కడ ఆగారో, రేపు మొదట ఏం చేయాలో కాగితం మీద రాసి అక్కడే పెట్టి రండి.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేని మీదా ఆసక్తి కలగకపోయినా డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.