పొద్దున్నే చేపలు పైకి తేలుతున్నాయా? ట్యాంకులో ఎన్ని ఉండాలో ఇలా చూడండి

హనుమకొండలో మా ఇంట్లో మొదటిసారి అక్వేరియం పెట్టినప్పుడు, కొన్నచోట ‘దీంట్లో ఇరవై చేపలు హాయిగా ఉంటాయి’ అన్నారు. ఇరవై చేపలూ ఒకే రోజు తెచ్చి వేశాం. పది రోజులు తిరిగేసరికి ఎనిమిది మిగిలాయి. మా పాప రోజూ నిద్ర లేవగానే వెళ్లి లెక్కపెట్టేది. ఆ మొహం చూడలేకే ఈ సంగతులన్నీ నేర్చుకున్నాను. ఎన్ని చేపలు పెట్టాలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన రెండు గంటలను తలుచుకుని నిర్ణయించాలి. మన వరంగల్ ఎండల్లో ఆ రెండు గంటలు తట్టుకున్న ట్యాంకుకు మిగతా రోజుల్లో పెద్దగా ఇబ్బంది రాదు.

తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మధ్యాహ్నానికి మామూలుగా ఉంటున్నాయి

ఆక్సిజన్ చాలడం లేదు. మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి కానీ రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. చెరువుల్లో చేపలు పెంచేవాళ్లకు ఇది బాగా తెలుసు, మబ్బు పట్టిన రోజుల్లో చీకటితోనే గట్టు మీదికి వెళ్లి చూస్తారు. ఎండాకాలం ఇది ఇంకా ఎక్కువవుతుంది. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్, 35 డిగ్రీలకు 7 లోపుకు పడిపోతుంది. అదే వేడికి చేపలకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది.

ముందు ఎయిర్ పంప్ రాత్రంతా ఆడించండి. మూత కాస్త తెరిచి ఉంచండి, మేత సగం చేయండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే చేపలు ఎక్కువైనట్టే, కొన్నింటిని వేరే ట్యాంకుకు మార్చాలి. కరెంటు పోయినప్పుడు మేత అసలు వేయకండి. ట్యాంకు నీళ్లే మగ్గుతో తీసి, కొంచెం ఎత్తు నుంచి మళ్లీ పోస్తూ ఉండండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంటే ఆ టెన్షన్ ఉండదు. నీళ్లు బాగా వేడెక్కితే ఫ్రీజర్‌లో గడ్డకట్టిన వాటర్ బాటిల్‌ను మూతతోనే ట్యాంకులో తేలనివ్వండి, ఒకటి రెండు డిగ్రీలు తగ్గగానే తీసేయండి.

రోజంతా పైనే ఉంటున్నాయి, మొప్పలు ఎర్రబడ్డాయి, రోజుకొకటి చనిపోతోంది

ఇది అమ్మోనియా. కొత్త ట్యాంకుల్లో ఎక్కువగా జరిగేది ఇదే, మా ఇంట్లో జరిగిందీ ఇదే. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఫిల్టర్‌లో పెరిగే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అవి సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజే ఇరవై చేపలు వేస్తే, ఇంకా పుట్టని బాక్టీరియా మీద ఆ భారమంతా వేసినట్టు. బోరు నీళ్లు పోసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ నీళ్లలో తరచూ ఎక్కువగా ఉండే పీహెచ్ (క్షారగుణం), వేడి పెరిగేకొద్దీ అంతే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

వెంటనే పావు వంతు నీళ్లు మార్చండి, మర్నాడు మళ్లీ మార్చండి. చుక్కల టెస్ట్ కిట్ కొనుక్కోండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. సున్నాలు నిలకడగా వచ్చేదాకా కొత్త చేప ఒక్కటి కూడా తేవద్దు. తర్వాత కూడా వారానికి రెండు మూడు చొప్పున వేయండి.

పాత ట్యాంకులో ఉన్నట్టుండి ఇలా జరిగితే, ఈమధ్య నీళ్లన్నీ ఒకేసారి మార్చారా, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద రుద్ది కడిగారా గుర్తు చేసుకోండి. నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు బాక్టీరియా చచ్చిపోతుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా ఒక రోజు బకెట్‌లో మూత లేకుండా ఉంచండి.

అసలు లెక్క

పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మా ట్యాంకు 24, 12, 12 అంగుళాలు, అంటే సుమారు 57 లీటర్లు. అడుగున ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే అసలు నీళ్లు 45 లీటర్లే. మూడు అంగుళాల లోపు ఉండే సన్నటి చేపలకు, అంగుళానికి నాలుగు లీటర్లు నేను వాడే లెక్క. అంగుళం అంటే అది పూర్తిగా పెరిగాక ఉండే పొడవు. అలా చూస్తే ఈ ట్యాంకులో ఆరేడు నియాన్ టెట్రాలు, లేదా ఆరేడు మగ గప్పీలు. అంతే. ట్యాంకు ఖాళీగా కనిపిస్తుందని మొదట్లో బాధగా ఉంటుంది, కానీ చేపలు నీళ్ల మధ్యలో ఈదడం చూస్తే ఆ బాధ పోతుంది.

పెద్ద చేపలకు ఈ లెక్క పనికిరాదు. పొడవు రెండింతలైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, విసర్జన కూడా దానితోపాటే పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ ఒక్కటి ఉన్నా 75 లీటర్లు కావాలి, తర్వాత ప్రతి దానికీ ఇంకో 40 అనుకోండి.

ఏడాదిలోనే ఇరుకైపోయింది

షార్క్ అని అమ్మే చిన్న వెండిరంగు పంగాసియస్ చేప మూడడుగులు దాటగలదు. అద్దాలు శుభ్రం చేస్తుందని తెచ్చే సక్కర్ ఫిష్ అడుగు దాటుతుంది. ఇవి ఇంటి ట్యాంకు చేపలు కావు, కొనకండి.

గప్పీలు, మోలీలు మాత్రం పిల్లలు పెట్టి పెరిగిపోతాయి. గప్పీ సుమారు నెలకోసారి ఈనుతుంది. ఒకసారి మగదానితో కలిశాక, మగది లేకపోయినా ఆడది నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉండగలదు. కాబట్టి మగవాటిని మాత్రమే పెంచండి.

ఒకదానినొకటి రెక్కలు కొరుక్కుంటున్నాయి

ఒక్కోసారి ఇది చేపలు తక్కువ ఉన్నందువల్ల జరుగుతుంది. టైగర్ బార్బ్‌లు రెండో మూడో ఉంటే మిగతా చేపల వెంటపడతాయి. ఎనిమిది దాకా ఉంటే ఆ కొట్లాట వాటి మధ్యే సరిపోతుంది. దానికి తగ్గ ట్యాంకు లేకపోతే వాటి జోలికి పోవద్దు. మగ ఫైటర్ చేపను మాత్రం ట్యాంకుకు ఒక్కటే ఉంచాలి.

ఎక్కువైన చేపలను ఏం చేయాలి

భద్రకాళి చెరువులోనో, వడ్డేపల్లి చెరువులోనో వదలకండి. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప, ఒకప్పుడు అక్వేరియం కోసం తెచ్చిన ఆ సక్కర్ ఫిష్షే. ట్యాంకు ఉన్న స్నేహితులకు ఇవ్వండి. కొత్తవి కొనే ముందే, పెద్దయితే తిరిగి తీసుకుంటారా అని దుకాణంలో అడగండి.