‘మతచట్టం ప్రకారం ఖైదీలపై అత్యాచారం’ అన్న వార్త ఫోనులోకి వస్తే: సమస్య - పరిష్కారం

2022 నవంబరులో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చింది. ‘ఇరాన్ 15,000 మంది నిరసనకారులకు మరణశిక్ష విధించింది’ అని అందులో ఉంది. పంపిన మా పెద్దమ్మ కూతురు కింద ‘ఆ పిల్లల కోసం ప్రార్థించండి’ అని రాసింది. ఆమెది మంచి మనసు. వార్త మాత్రం తప్పు. అప్పుడే కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో కూడా ఇదే మాట ట్విటర్లో పెట్టి, మర్నాడు తీసేశారు. అంతటివారే పొరబడ్డారు కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం నేర్చుకోవాలి.

లక్షణం: భారీ సంఖ్య, పక్కనే ‘శిక్ష విధించారు’ అన్న మాట

కారణం: రెండు వేర్వేరు నిజాలను ఒక్క వాక్యంలో కుట్టేశారు. హిజాబ్ సరిగా వేసుకోలేదని పోలీసులు పట్టుకెళ్లిన మహసా అమీనీ అనే యువతి మరణం తర్వాత ఇరాన్‌లో రేగిన నిరసనల్లో అప్పటికి సుమారు 15,000 మంది అరెస్టయ్యారని మానవ హక్కుల సంస్థల అంచనా. ఇది ఒకటి. 290 స్థానాల ఇరాన్ పార్లమెంటులో 227 మంది సభ్యుల పేరిట, నిరసనకారులను కఠినంగా శిక్షించాలని కోరుతూ ఒక ప్రకటన వెలువడింది. ఇది రెండోది. శిక్ష వేసేది న్యాయస్థానం. పార్లమెంటు సభ్యులు కోరినంత మాత్రాన అరెస్టయిన ప్రతి ఒక్కరికీ ఉరి పడినట్టు కాదు.

పరిష్కారం: వాక్యంలోని క్రియ మీద వేలు పెట్టండి. అరెస్టు చేశారా? అభియోగం మోపారా? శిక్ష వేశారా? అమలు చేశారా? ఆ పని చేసింది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు దొరక్కపోతే పంపకండి.

ఇక్కడే నా బాధంతా. సంఖ్య అబద్ధమని తేలగానే మా గ్రూపులో ‘అంతా కట్టుకథే’ అని చర్చ ముగించేశారు. కానీ అదే ఏడాది డిసెంబరు 8న మొహసెన్ షెకారీ అనే నిరసనకారుణ్ణి నిజంగానే ఉరితీశారు. వీధికి అడ్డంగా నిలిచి, బాసిజ్ అనే ప్రభుత్వ అనుకూల సాయుధ దళం సభ్యుణ్ణి ఒకరిని కత్తితో గాయపరిచాడని ఆరోపణ. ‘మొహారెబె’, అంటే దేవుడిపై యుద్ధం, అనే అభియోగం. నాలుగు రోజులకు మజీద్‌రెజా రహనవర్ద్ అనే మరో నిరసనకారుణ్ణి మష్హద్ నగరంలో బహిరంగంగా ఉరితీశారు. ఇద్దరివీ ఇరవై మూడేళ్ల వయసులే. ఈ వార్తలు మా గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

లక్షణం: ‘షరియా ప్రకారం’ అని మొదలై, ఘోరమైన హింసతో ముగిసే వార్త

ఇరాన్‌లో కన్యలను ఉరితీయకూడదని, అందుకే ముందురోజు రాత్రి జైలు కాపలాదారుతో తాత్కాలిక వివాహం జరిపించి అత్యాచారం చేస్తారని, ఇది అక్కడి మతచట్టమని ఏళ్ల తరబడి ఒక వార్త తిరుగుతోంది. దీన్ని ఒక్క ముక్కలో అవుననీ కాదనీ తేల్చలేం. విడదీసి చూడాలి.

చట్టంలో ఉందా? లేదు. 2013 నాటి ఇరాన్ శిక్షాస్మృతి బలాత్కారానికి మరణశిక్ష చెబుతుంది. మరి జైళ్లలో అత్యాచారాలు జరగలేదా? జరిగాయి. అప్పటి ఇరాన్ సర్వోన్నత నేత ఖొమేనీకి వారసుడిగా ఎంపికైన ఆయతొల్లా మొంతజెరీ 1986లో ఖొమేనీకే ఉత్తరం రాస్తూ, కొన్ని జైళ్లలో యువతులపై అత్యాచారాలు జరుగుతున్న సంగతి మీకు తెలుసా అని అడిగారు. వ్యవస్థ లోపలి మనిషి, తన పదవికే ముప్పు తెచ్చుకుంటూ అడిగిన ప్రశ్న అది. 1989లో ఆయన్ను ఆ స్థానం నుంచి తప్పించారు.

ఆ ‘వివాహం’ మాట సంగతీ ఆయనే తన జ్ఞాపకాల్లో చెప్పారు. ప్రభుత్వాన్ని ఎదిరించిన ముజాహిదీన్ సంస్థకు చెందిన ఆడపిల్లలకు మరణశిక్ష రాయవద్దని తాను న్యాయాధికారులతో అంటే, ‘ముందు ఒక రాత్రికి పెళ్లి చేసి తర్వాత ఉరితీయండి’ అన్నట్టుగా తన మాటను వక్రీకరించారని ఆయన ఆవేదన. ప్రాణం కాపాడాలని చెప్పిన మాటను హింసకు అనుమతిగా తిప్పేశారు.

పరిష్కారం: ‘చట్టం’, ‘ఫత్వా’, ‘జైల్లో జరిగింది’ అనే మూడింటిని విడిగా రాసుకోండి. ఫత్వా అయితే ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని అడగండి. జైల్లో జరిగినదైతే బాధితుల వాంగ్మూలాలు ఎవరు నమోదు చేశారో చూడండి. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2023 డిసెంబరు నివేదికలో, 2022 నిరసనల్లో పట్టుబడి లైంగిక హింసకు గురైన 45 మంది కథనాలున్నాయి. అందులో పురుషులు 26 మంది, మహిళలు 12 మంది, పిల్లలు 7 మంది. ‘కన్యల చట్టం’ అన్న వార్తలో ఆ 26 మందికి చోటే లేదు. నేరాన్ని మతగ్రంథం ఖాతాలో వేసేస్తే, నేరం చేసిన అధికారి పేరు అడిగేవాళ్లు ఉండరు. పైగా ఆ వార్త మన ఊళ్లో చేరేది పక్కింటి ముస్లిం కుటుంబం చెవినే. వాళ్లకు ఆ జైలుతో ఏ సంబంధమూ లేదు.

లక్షణం: ఒళ్లు జలదరించే ఫొటో

2004 ఏప్రిల్ 28న ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు అమెరికా టీవీలో వచ్చాయి. అవి నిజమైనవి. మే 1న బ్రిటన్‌కు చెందిన డైలీ మిర్రర్ పత్రిక, బ్రిటిష్ సైన్యంలోని క్వీన్స్ లాంకషైర్ రెజిమెంట్ సైనికులు ఒక ఇరాకీ ఖైదీని హింసిస్తున్నట్టుగా ఫొటోలు వేసింది. అవి నకిలీవి. అందులో కనిపించే ట్రక్కు అసలు ఇరాక్‌కే వెళ్లలేదని ప్రభుత్వం చెప్పింది. రెండు వారాలకు సంపాదకుడి ఉద్యోగం పోయింది.

అయితే అదే రెజిమెంట్ కస్టడీలో, 2003 సెప్టెంబరులో, బస్రా నగరంలో బహా మూసా అనే హోటల్ ఉద్యోగి చనిపోయాడు. ఒంటి మీద 93 గాయాలు. 2011లో బహిరంగ విచారణ దీన్ని నిర్ధారించింది. ఫొటో నకిలీ. హింస నిజం.

పరిష్కారం: ముఖం, రక్తం నుంచి చూపు తిప్పి వాహనం, యూనిఫాం, గోడ మీది అక్షరాలు చూడండి. ఆ ఫొటోనే ఇంటర్నెట్‌లో పెట్టి వెతికితే పాత తేదీ బయటపడవచ్చు. నకిలీ అని తేలితే ‘ఈ ఫొటో నకిలీ’ అని మాత్రమే అనండి. ‘అక్కడ ఏమీ జరగలేదు’ అనడానికి మళ్లీ వేరే ఆధారం కావాలి.

ఇప్పటికే పంపేశారా? తొలగించి ఊరుకోవద్దు, చదివినవాళ్ల మనసులోంచి అది పోదు. అదే గ్రూపులో, అదే సందేశం కింద రాయండి. మా పెద్దమ్మ కూతురు చివరికి ఇలా రాసింది: ‘15,000 మందికి శిక్ష పడలేదు, అది అరెస్టుల అంచనా. నేను చూసుకోకుండా పంపాను. నిజంగా ఉరితీసిన ఇద్దరి పేర్లు ఇవి: మొహసెన్ షెకారీ, మజీద్‌రెజా రహనవర్ద్.’