తుపాను సంచి ఎలా సర్దుకోవాలి? చవితి నాటికి ఇంట్లో సిద్ధంగా ఉండాల్సినవి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేటకీ సముద్రానికీ మధ్య ఒక ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం తొమ్మిది మందిమి ఒకే స్లాబు గదిలో ఉన్నాం, పక్కింటి రేకులు లేచిపోతే వాళ్లూ పిల్లలతో సహా మా దగ్గరికే వచ్చేశారు. ఆ గాలి ఎలా ఉందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు గుర్తుండిపోయింది వేరే విషయం. కరెంటు పోయింది, టార్చి తీస్తే లోపల సెల్లులు కారిపోయి ఉన్నాయి, ఎలాగో కొవ్వొత్తి దొరికింది, మా నానమ్మ చీకట్లో "అగ్గిపెట్టి ఏదిరా బావూ" అని అడుగుతూనే ఉంది, తీరా అగ్గిపెట్టె దొరికేసరికి అది తడిసి ముద్దయిపోయింది. పిల్లలు ఏడుస్తుంటే ఆ రాత్రంతా చీకట్లోనే కూర్చున్నాం.

ఆ తర్వాత మా వీధికి కరెంటు రావడానికి రెండు వారాలు పైనే పట్టింది. తుపాను అంటే మనం ఆ ఒక్క రాత్రి గురించే టెన్షన్ పడతాం గానీ, మనిషిని కూలేసేది ఆ తర్వాత రోజులు. బోరు మోటారు తిరగదు, ట్యాంకు ఎక్కదు, ఫోను పనిచేయదు, రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి ఉంటాయి కాబట్టి బయటినుంచి ఏదీ రాదు. మీరు సర్దుకునే సంచి ఆ రోజులకి పనికిరావాలి. మేం ప్రతి ఏడాదీ ఎలా సర్దుకుంటామో వరసగా చెప్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు తేదీ పెట్టుకోండి

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న వచ్చాయి. అన్నీ దసరాకి అటూ ఇటూనే. అందుకే మా ఇంట్లో వినాయక చవితి నాటికి సంచి సిద్ధమైపోవాలని పెట్టుకున్నాం. పండక్కి ఎలాగూ ఇల్లు సర్దుతాం, సరుకులు తెస్తాం, అదే చేత్తో ఈ పనీ అయిపోతుంది. తుపాను కబురు టీవీలో వచ్చాక బజారుకి వెళ్తే కొవ్వొత్తులూ సెల్లులూ బ్రెడ్డూ పూటలో అయిపోతాయి, ఉన్నవాటి ధర కూడా మామూలుగా ఉండదు. వేసవిలోనూ బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి కాబట్టి ఏప్రిల్‌లో ఇంకోసారి తెరిచి చూడండి.

ఒకటి కాదు, రెండు సర్దాలి

ఒకటి భుజాన వేసుకుని పరిగెత్తగలిగే సంచి. షెల్టరుకో బడికో వెళ్లిపొమ్మంటే ఐదు నిమిషాల్లో దాన్ని పట్టుకుని బయల్దేరాలి. పిల్లల పాత స్కూలు బ్యాగు చాలు, లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసి అందులో సామాను పెట్టండి. రెండోది ఇంట్లోనే ఉండే పెద్ద డబ్బా, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము అయితే మేలు. ఎరువుల గోతాలూ పురుగుమందు డబ్బాలూ ఎంత కడిగినా సరే తిండికీ నీళ్లకీ వాడొద్దు. డబ్బాని రేకుల కింద పెట్టకండి. మీది పెంకుటిల్లో రేకుల ఇల్లో అయితే, స్లాబు ఇల్లున్న చుట్టాలతో ముందే మాట్లాడుకుని డబ్బా వాళ్లింట్లో పెట్టుకోవడం మంచిది.

నీళ్లు

దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే తిండి లేకపోయినా రెండు రోజులు ఓర్చుకోగలం, నీళ్లు లేకపోతే ఓర్చుకోలేం.

తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్కేసుకోండి. ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకి 60 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు మూడు. ఇవి ఖాళీగా, కడిగి, మూతలతో సహా ఉంటే చాలు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే, కరెంటు ఉండగానే నింపేయండి. వాడకం నీళ్లకి ఇంట్లో ఉన్న డ్రమ్ములూ బకెట్లూ గాబులూ గిన్నెలూ అన్నీ నింపాలి, డాబా మీద ట్యాంకు కూడా నిండుగా ఉండాలి, ఎందుకంటే ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, నిండు ట్యాంకు అంత తేలిగ్గా కదలదు. మీ వీధిలో చేతి బోరింగు పనిచేస్తోందో లేదో ఇప్పుడే కొట్టి చూడండి. పాడై ఉంటే పంచాయతీ వాళ్ల వెంటపడి ఇప్పుడే బాగుచేయించండి, తిత్లీ తర్వాత మా వీధి మొత్తాన్ని బతికించింది ఒక్క బోరింగే.

వరద నీళ్లు కలిసిన నూతి నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా క్లోరినేషన్ అయ్యేదాకా తాగొద్దు. వేరే దారి లేకపోతే గుడ్డలో వడకట్టి, తెర్లి బుడగలు పైకి లేచేదాకా కాచి, చల్లార్చి తాగండి. క్లోరిన్ బిళ్లలు ఏఎన్‌ఎం దగ్గరో ఆశా కార్యకర్త దగ్గరో అడిగి తీసుకుని సంచిలో వేసుకోండి. ఎన్ని లీటర్లకి ఎన్ని బిళ్లలో పాకెట్టు మీద చూసి వేయండి, వేశాక అరగంట ఆగాలి.

ఇక నాగావళి, వంశధార గట్ల మీద ఉండేవాళ్లకి ఒక మాట. ఈ రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టినవి, అక్కడ వాన పడితే మన దగ్గర ఎండ కాస్తున్నా వరద వస్తుంది. తిత్లీ అప్పుడు గాలి ఆగిపోయాక వంశధార, మహేంద్రతనయ పొంగాయి. తుపాను వెళ్లిపోయింది కదా అని సంచి విప్పేయకండి.

తిండి

పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి మూడు రోజులకి ఉండాలి. అటుకులు, మూరీలు (మరమరాలు), వేరుశనగ పలుకులు, వేపిన శనగలు, బెల్లం, బిస్కెట్లు. చోడి (రాగి) పిండి తప్పకుండా పెట్టుకోండి, ఎప్పుడు పొయ్యి వెలిగినా పది నిమిషాల్లో అంబలి అయిపోతుంది, పిల్లలూ ముసలివాళ్లూ అందరూ తాగుతారు. ఉప్పు, పచ్చడి, పాలపొడి. పసిపిల్లలుంటే వాళ్లు రోజూ తినేదే పెట్టండి, తుపాను రోజుల్లో కొత్త తిండి అలవాటు చేయలేం. ఇండక్షన్ స్టవ్ మీదే వంట చేసేవాళ్లు ఇంట్లో గ్యాసు ఎంత ఉందో చూసుకోవాలి. మిక్సీ పనిచేయదు కాబట్టి కారం, మసాలా లాంటివి ముందే పొడి కొట్టి ఉంచండి.

వెలుతురు, ఫోను, కబురు

టార్చిలు రెండు, ఒకటి సంచిలో, ఒకటి డబ్బాలో. సెల్లులు టార్చిలో వేసి ఉంచొద్దు, విడిగా కవరులో పెట్టండి, అప్పుడు కారినా టార్చి పాడవదు. అగ్గిపెట్టెలు మూడు, లైటరు ఒకటి, మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ఇదివరకు రేషన్‌లో కిరసనాయిలు ఇచ్చేవాళ్లు, ప్రతి ఇంట్లో లాంతరు ఉండేది. ఇప్పుడు ఆ ధీమా లేదు. ఎండలో ఛార్జ్ అయ్యే సోలార్ దీపం ఒకటి కొనుక్కుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పెద్ద ఫోను ఒక రోజులో చచ్చిపోతుంది. బటన్ల ఫోను ఒకటి సంచిలో ఉండాలి, ఒక్క ఛార్జింగుకి చాలా రోజులు వస్తుంది. పవర్ బ్యాంకు నింపి ఉంచండి. తిత్లీ తర్వాత మా దగ్గర జనరేటర్ ఉన్నచోట ఫోనుకింత అని డబ్బులు కట్టి, లైనులో నిలబడి ఛార్జింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది. టవర్లు కూడా పడిపోతే ఫోను ఉన్నా లాభం లేదు, అందుకే సెల్లులతో పనిచేసే చిన్న రేడియో పెట్టుకోండి, విశాఖ ఆకాశవాణి వార్తలు వింటూ ఉండొచ్చు.

నంబర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108, జిల్లా కంట్రోల్ రూముకి 1077, రాష్ట్ర విపత్తుల సంస్థకి 1070, తెగిన కరెంటు తీగల గురించి చెప్పడానికి 1912. వీటి కింద వేరే ఊళ్లో ఉన్న ఒక చుట్టం నంబరు రాయండి. ఇంట్లోవాళ్లు తలో చోట చిక్కుకుపోతే అందరూ ఆ ఒక్కరికే కబురు చెప్పాలని ముందే అనుకోండి. పిల్లలకి ఆ నంబరు నోటికి వచ్చేలా చేయండి.

మందులు

ఇంట్లో బీపీ, షుగరు, ఆయాసం ఉన్నవాళ్లు వాడే మందులు రెండు వారాలకి సరిపడా పెట్టి, డాక్టరు చీటీ నకలు కూడా జత చేయండి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పాకెట్లు, దూది, గాజుగుడ్డ, అయోడిన్ మందు, దోమల మందు, కత్తెర. ఓఆర్‌ఎస్ అయిపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి, రెండూ చిన్న చెంచాతో, అంచుకి సమానంగా. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ లేని రోజులకి మట్టి కుండ సంగతి ఆలోచించుకోండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ పెట్టి, సీసాని కవరులో చుట్టి అందులో ఉంచితే చల్లగా ఉంటుంది.

ఉద్దానంలో కిడ్నీ రోగం లేని వీధి లేదు, కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. డయాలసిస్ చేయించుకునేవాళ్లు తుపాను హెచ్చరిక రాగానే మీ సెంటరుకి ఫోను చేసి, వీలైతే ముందే ఒకసారి చేయించుకోండి, రోడ్లు మూసుకుపోతే మళ్లీ ఎప్పుడు వెళ్లగలరో చెప్పలేం. డయాలసిస్ కాగితాలు, ఆరోగ్యశ్రీ కార్డు సంచిలో అన్నిటికంటే పైన ఉండాలి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు మింగొద్దు, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. ఇంకో ముఖ్యమైన మాట. తుపాను తర్వాత తోటల నిండా కొబ్బరికాయలు రాలి ఉంటాయి, మంచినీళ్లు దొరక్క అందరూ బొండాలు కొట్టుకుని తాగుతాం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి అది గుండె ఆగిపోయేంత ప్రమాదం. ఆ ఇంటికి తాగే నీళ్లు విడిగా దాచి ఉంచండి, ఓఆర్‌ఎస్ కూడా డాక్టరుని అడిగాకే. దయచేసి ఈ ఒక్క విషయం మీ వీధిలో అందరికీ చెప్పండి.

నెలలు నిండిన ఆడవాళ్లుంటే తుపాను దాకా ఆగకుండా ముందే ఆసుపత్రికి దగ్గరగా చేర్చండి. శానిటరీ ప్యాడ్లు, చంటిపిల్లల గుడ్డలు సంచిలో మర్చిపోవద్దు.

వరద తగ్గాక పాములు ఇళ్లలోకి వస్తాయి. చీలమండ దాకా కప్పే బూట్లు ఒక జత డబ్బా పక్కన ఉంచండి, చీకట్లో టార్చి లేకుండా అడుగు తీయొద్దు. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయొద్దు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాగితాలు, డబ్బు

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాస్‌పుస్తకం, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, బోటు ఉన్నవాళ్లకి బోటు రిజిస్ట్రేషన్ కాగితాలు. అన్నీ ఒక జిప్ కవరులో, దాన్ని ఇంకో కవరులో. నష్టం రాయడానికి వచ్చినప్పుడు అడిగేవి ఇవే. కొబ్బరి, జీడి తోటలున్నవాళ్లు ఇప్పుడే తోట మొత్తం నడిచి ఫోటోలు, వీడియో తీసి, వేరే ఊళ్లో ఉన్న చుట్టానికి పంపించి ఉంచండి. చెట్లు పడిపోయాక ఎన్ని ఉండేవో చెప్పడం చాలా కష్టం, పడి ఉన్న తోటలో లెక్కపెడుతూ మా నాన్న ఎంత బాధపడ్డాడో నేను చూశాను.

టవరు, కరెంటు లేకపోతే ఏటీఎం ఉండదు, ఫోన్‌పే ఉండదు. హుద్‌హుద్ తర్వాత విజయనగరంలో చుట్టాలింట్లో ఉన్నప్పుడు, బ్యాంకులో డబ్బుండి కూడా పాలపాకెట్టు కొనలేకపోయాం. మూడు వేలైనా నగదు పక్కన పెట్టండి, అదీ 10, 20, 50, 100 నోట్లుగా.

మిగతా సామాను

నైలాన్ తాడు, టార్పాలిన్ పట్టా, కత్తి, ఈల, ఒక్కొక్కరికీ ఒక జత బట్టలు, దుప్పటి, సబ్బు, చెత్త కవర్లు. దారికడ్డంగా పడిన చెట్లు నరకడానికి గొడ్డలీ రంపమూ పదును పెట్టి ఉంచండి. మా ఊరి దారిని మేమే తెరుచుకున్నాం.

హెచ్చరిక వచ్చాక

వాతావరణ శాఖ తీరంలో గాలీవానా మొదలవుతాయనుకునే సమయానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగు అలర్టు, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక ఇస్తుంది. పసుపు రాగానే నీళ్లు పట్టండి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టండి, డబ్బాలో సామాను సరిచూసుకోండి. నారింజ వచ్చాక పశువుల పలుపులు విప్పేయండి, కట్టేసి ఉంచితే షెడ్డు కిందపడి చచ్చిపోతాయి. కళింగపట్నం, భీమిలి పోర్టుల్లో ఎగరేసే ప్రమాద సూచిక నంబర్లలో 8, 9, 10 అంటే అతి ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. షెల్టరుకి వెళ్లమంటే సామాను కోసం ఆగకండి, సంచి ఉంది కదా. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే అది తుపాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్లీ అంతే గాలి వస్తుంది. అయిపోయిందని అధికారులు చెప్పేదాకా బయటికి రావొద్దు.

ఒక రాత్రి పరీక్ష పెట్టుకోండి

సర్దిన వారంలోనే ఒక సాయంత్రం మెయిన్ ఆఫ్ చేసేసి, పొద్దున్న దాకా ఆ డబ్బా మీదే గడపండి. ఏం తక్కువైందో అప్పుడే తెలుస్తుంది. మేం మొదటిసారి చేసినప్పుడు అన్నీ ఉన్నాయి గానీ డబ్బా ఏ మూల పెట్టిందో మా అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు, అమ్మేమో ఆ రోజు మా అక్క దగ్గర పలాసలో ఉంది. ఇప్పుడు డబ్బా తలుపు పక్కనే ఉంటుంది, లోపల ఏమేం ఉన్నాయో, ఏది ఎప్పుడు పాడైపోతుందో రాసిన కాగితం మూత లోపలివైపు అంటించి ఉంటుంది. వాడకుండా మిగిలిన అటుకులూ బెల్లమూ సంక్రాంతికి తీసి తినేస్తాం, చవితికి కొత్తవి పెడతాం. అగ్గిపెట్టెల డబ్బా మాత్రం నానమ్మ తనే స్వయంగా తెరిచి, ఒక పుల్ల గీసి చూసి, మళ్లీ మూత బిగిస్తుంది.