కెనడాలో ఇంజనీరింగ్ ఉద్యోగ వేట: విమానం ఎక్కకముందే మొదలుపెట్టాల్సిన జాగ్రత్తలు

కెనడా చేరిన ఇంజనీర్లు ఎక్కువగా తడబడేది ఒకే చోట. లైసెన్సు వచ్చాకే ఉద్యోగం అనుకుని కొందరు నెలల తరబడి ఖాళీగా ఉంటారు. ఉద్యోగం దొరికింది కదా అని ఇంకొందరు లైసెన్సు ఊసే ఎత్తరు, కొన్నేళ్లకు పెద్ద హోదా దగ్గర ఆగిపోతారు. రెండు పనులూ వేర్వేరు, రెండూ పక్కపక్కనే నడవాలి. పి.ఇంజ్. (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు ఉన్న ఇంజనీరు పర్యవేక్షించి బాధ్యత తీసుకుంటే, లైసెన్సు లేనివారూ లెక్కలు కట్టొచ్చు, డ్రాయింగులు గీయొచ్చు. సీలు వేసి సంతకం పెట్టడం మాత్రం లైసెన్సుదారు పనే.

రాజీనామాకు ముందే చేతికి రావాల్సిన కాగితాలు

వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప సాధారణంగా ఇంకేమీ ఉండవు. అది ఇమ్మిగ్రేషన్‌కూ చాలదు, లైసెన్సుకూ చాలదు. కావాల్సిన అనుభవ పత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. హోదా, తేదీలు, వారానికి పనిగంటలు, జీతం, అలవెన్సులు, చేసిన పనుల వివరం, సంతకం పెట్టినవారి పేరు, హోదా అన్నీ అందులో కనిపించాలి. "సివిల్ పనులు పర్యవేక్షించారు" అనే ఒక్క ముక్కతో ఎవరికీ ఏమీ తెలియదు. "నాలుగంతస్తుల ఆర్‌సీసీ భవనాలకు స్లాబు, బీము, పునాది డిజైన్ చేశారు, బార్ బెండింగ్ షెడ్యూళ్లు తయారు చేశారు, కాంక్రీటు పోసే ముందు స్టీలు తనిఖీ చేశారు" అని రాయించుకోండి. ఉద్యోగంలో ఉండగా హెచ్‌ఆర్ రెండు రోజుల్లో ఇచ్చే ఈ కాగితం, మానేశాక ఆర్నెల్లు తిరిగినా రాకపోవచ్చు. పనుల వివరం రాయడం మా పద్ధతి కాదని కంపెనీ అంటే, పైఅధికారి చేత విడిగా రాయించి, దానికి పే స్లిప్పులు, ఫారం 16, అపాయింట్‌మెంట్, ప్రమోషన్ లెటర్లు జతచేయండి.

లైసెన్సు దగ్గర ఇంకో చిక్కుంది. ఆంటారియో, బ్రిటిష్ కొలంబియాలలో అనుభవాన్ని 7 విభాగాల్లో 34 అంశాలుగా విడదీసి చూస్తారు. ఒక్కో అంశానికి ఒక సందర్భం, అందులో మీరు చేసిన పని, దాని ఫలితం రాయాలి. ఆ పని దగ్గరగా చూసినవాళ్లు దాన్ని ధ్రువీకరించాలి. కాబట్టి మీ సీనియర్ ఇంజనీర్ల సొంత మెయిల్, ఫోన్ నంబర్ తీసుకోండి. వాళ్లు కంపెనీ మారిన రోజున ఆఫీసు మెయిల్ పనికిరాదు. ప్రాజెక్టుల వారీగా స్పాన్ ఎంత, లోడు ఎంత, మోటారు ఎన్ని కిలోవాట్లు, ఏ ప్రత్యామ్నాయాన్ని ఎందుకు వద్దన్నారు అన్నది సొంత నోట్సులో రాసుకోండి. కంపెనీ డ్రాయింగులు మాత్రం కాపీ చేసి పట్టుకెళ్లొద్దు.

ట్రాన్స్‌క్రిప్టులు కాలేజీ ఇస్తే కుదరదు, అనుబంధ కాలేజీలో చదివినా యూనివర్సిటీ నుంచే రావాలి. మీ బ్యాచ్ సిలబస్ పుస్తకం కూడా సంపాదించండి. సబ్జెక్టులవారీగా పోల్చేటప్పుడు అడుగుతారు, పదేళ్ల కిందటి రెగ్యులేషన్ సిలబస్ వెతకడం అక్కడినుంచి నరకం. సైటు ఉద్యోగాలకు చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సు అడుగుతారు. పాత డ్రైవింగ్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే లైసెన్సు ఇచ్చిన ఆఫీసు నుంచి పత్రం కావాలి, అదీ ఇప్పుడే తెచ్చుకోండి.

ఈసీఏ రిపోర్టు లైసెన్సు కాదు

ఇమ్మిగ్రేషన్ కోసం తీసుకునే ఈసీఏ (విదేశీ చదువు మదింపు) రిపోర్టు మీ డిగ్రీ కెనడా డిగ్రీకి సమానమని చెబుతుంది, అంతవరకే. దాని గడువు 5 ఏళ్లు. లైసెన్సిచ్చే సంస్థలు దేశంలో 12 ఉన్నాయి, ఏ ప్రావిన్సుకు ఆ ప్రావిన్సుదే: ఆంటారియోకు పీఈఓ, ఆల్బర్టాకు అపెగా. అవి మీ చదువును మళ్లీ మొదటినుంచి చూస్తాయి, కొందరిని టెక్నికల్ పరీక్షలు రాయమంటాయి. ఇంజనీరింగ్ కోర్సుల గుర్తింపును దేశాలు పరస్పరం ఒప్పుకునే వాషింగ్టన్ అకార్డులో 2014లో భారత్‌కు పూర్తి సభ్యత్వం వచ్చిన మాట నిజమే, అది మన కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ నుంచి టైర్-1 గుర్తింపున్న కోర్సులకే వర్తిస్తుంది. అందులో మీ కోర్సు ఉన్నా లైసెన్సు దానంతటది రాదు.

పీఈఓ 2023 మేలో ఒక ఏడాది కెనడా అనుభవం తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది. మొత్తం 48 నెలల అనుభవం మాత్రం చూపాలి. చట్టం, వృత్తి నీతి మీద ఎన్‌పీపీఈ అనే పరీక్ష ఉంటుంది: 110 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఇందులో ఫార్ములాలు ఉండవు, నిర్లక్ష్యం, కాంట్రాక్టు, బాధ్యత వంటి చట్టపు మాటలే ఉంటాయి. లెక్కల్లో దిట్టలు కూడా చదవకుండా వెళ్లి ఫెయిలయ్యేది ఇందుకే.

లైసెన్సు రాకముందు ప్రొఫైల్ మీద, విజిటింగ్ కార్డు మీద "ప్రొఫెషనల్ ఇంజనీర్" అని రాసుకోవద్దు, అది చట్టరీత్యా నేరం. ఒట్టి "ఇంజనీర్" అన్న మాటా ఇబ్బందే. డిజైనర్, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, ఎస్టిమేటర్ వంటి మాటలు వాడండి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అన్న పేరు విషయంలో ఆల్బర్టా 2023లో చట్టం మార్చి వెసులుబాటు ఇచ్చింది. మిగతా చోట్ల ఆ ధైర్యం చేయొద్దు.

ఇంటర్వ్యూలో దొరికిపోయే చోట్లు

మన అనుభవం తక్కువేమీ కాదు, అక్కడి కొలతల్లో దాన్ని చెప్పలేకపోవడమే దెబ్బతీస్తుంది. ఇండియాలో ఎం30 అంటే 150 మి.మీ. క్యూబు మీద 28 రోజులకు 30 మెగాపాస్కల్స్. కెనడాలో పరీక్ష సిలిండర్ మీద, సాధారణంగా 100 మి.మీ. వ్యాసం, 200 మి.మీ. ఎత్తు. అదే కాంక్రీటు సిలిండర్‌లో దాదాపు 80 శాతమే చూపిస్తుంది, అంటే మన ఎం30 అక్కడ సుమారు 24. ఇది తెలియక "30 అంటే 30 కదా" అంటే ఆ ఇంటర్వ్యూ అక్కడికి సరి. బయట మంచుకూ, రోడ్డు మీద చల్లే ఉప్పుకూ గురయ్యే కాంక్రీటుకు బలం ఒక్కటే అడగరు, ఎక్స్‌పోజర్ క్లాసు (ఎలాంటి వాతావరణాన్ని తట్టుకోవాలో చెప్పే తరగతి) అడుగుతారు. వాటిలో సీ-2 అంటే కనీసం 32 మెగాపాస్కల్స్, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, కాంక్రీటులో సన్నటి గాలి బుడగలు కావాలనే కలుపుతారు. నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడు ఆ బుడగలే దానికి చోటిస్తాయి, అవి లేకపోతే పైపొర పెచ్చులుగా ఊడుతుంది.

ఇనుప కడ్డీలూ అంతే. వాటి సైజులను 10ఎం, 15ఎం, 20ఎం, 25ఎం అంటారు. 15ఎం అంటే 15 మి.మీ. కాదు, వ్యాసం 16 మి.మీ., వైశాల్యం 200 చ.మి.మీ. 10ఎం వైశాల్యం 100 చ.మి.మీ., అది మన 10 మి.మీ. కడ్డీకీ 12 మి.మీ. కడ్డీకీ మధ్యలో ఉంటుంది. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 పక్కన కెనడా కోడ్ సీఎస్‌ఏ ఏ23.3 పెట్టుకుని, ఒక బీమును రెండింటిలోనూ డిజైన్ చేసి చూడండి. నెల రోజుల చదువుకన్నా ఆ ఒక్క లెక్క ఎక్కువ నేర్పుతుంది. ఎలక్ట్రికల్ వాళ్లకు 60 హెర్ట్జ్, ఇళ్లలో 120/240, పరిశ్రమల్లో 347/600 వోల్టులు, తీగలు ఏడబ్ల్యూజీ (అమెరికన్ వైర్ గేజ్) సైజుల్లో. అధికారిక కొలత మెట్రిక్ అయినా సైటులో అడుగులు, అంగుళాలే వినిపిస్తాయి.

రెజ్యూమె రెండు పేజీలు దాటొద్దు. ఫొటో, వయసు, పెళ్లి, మతం వద్దు. ఆంటారియోలో 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు 2026 జనవరి 1 నుంచి బహిరంగ ఉద్యోగ ప్రకటనలో కెనడా అనుభవం కావాలని రాయకూడదు. ప్రకటనలో ఆ మాట లేకపోయినా అక్కడి కోడ్ తెలుసా అని అడుగుతారు, కాబట్టి పై లెక్కలు తప్పవు.

డబ్బు పోయే చోట్లు

ఎల్‌ఎంఐఏ (విదేశీ ఉద్యోగిని తీసుకోవడానికి యజమాని ప్రభుత్వం నుంచి తెచ్చుకునే అనుమతి) ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగితే అక్కడే ఆపేయండి. ఆ దరఖాస్తు రుసుము 1,000 డాలర్లు కట్టాల్సింది యజమాని, దాన్ని ఉద్యోగి నుంచి రాబట్టుకోవడం నేరం. పాయింట్ల మీద శాశ్వత నివాసానికి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చి 25 నుంచి ఎత్తేశారు, "పాయింట్లు వస్తాయి" అని ఇంకా అమ్మేవాళ్లు అబద్ధం అమ్ముతున్నట్టే.

ఇంకో మోసం మరీ నమ్మకంగా ఉంటుంది. చాట్‌లోనే ఇంటర్వ్యూ చేసి, ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమంటారు. బ్యాంకు ముందు డబ్బు చూపిస్తుంది, కొన్ని రోజులకు చెక్కు బౌన్సవుతుంది, మీరు పంపిన సొమ్ము మీ నెత్తిన పడుతుంది. సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు రెజ్యూమెలో గానీ దరఖాస్తులో గానీ రాయకండి, ఉద్యోగంలోకి తీసుకున్నాకే ఇవ్వాలి.

మొదటి జీతం రాగానే పే స్టబ్ (పే స్లిప్పు) తెరిచి సీపీపీ (కెనడా పింఛను పథకం), ఈఐ (నిరుద్యోగ బీమా), ఆదాయపు పన్ను కోతలు మూడూ ఉన్నాయో లేదో చూడండి. అవేవీ లేకుండా మొత్తం సొమ్ము చేతికి వచ్చిందంటే మిమ్మల్ని ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా చూపిస్తున్నారేమో అడగాలి. అలాగైతే పన్ను, సీపీపీలో ఉద్యోగి, యజమాని రెండు వాటాలూ మీరే కట్టుకోవాలి, ఉద్యోగం పోయినా ఈఐ భృతి రాదు. ఆ ప్రశ్న మాటల్లో కాకుండా మెయిల్‌లో పంపి, జవాబు దాచుకోండి.