నవంబరు 1 రాకముందే డేటాబేస్‌లోని గంటలను సరిచూసుకోండి

గత నవంబరులో విశాఖ మధురవాడలోని ఒక చిన్న జట్టుకు సోమవారం ఉదయాన్నే ఫిర్యాదు వచ్చింది. న్యూజెర్సీలోని ఒక శీతల గిడ్డంగి ఉష్ణోగ్రతల నమోదును ఆ జట్టు చూస్తుంది. మన తీరం నుంచి వెళ్లే రొయ్యల వంటి సరుకు నిల్వ ఉండే చోటు కనుక ప్రతి గదికీ నిమిషానికొక రీడింగ్ ఉండి తీరాలి. ఆదివారం తెల్లవారుజామున మాత్రం ఒక గంట రీడింగులు ఏ గదికీ లేవు. సర్వర్ ఆగలేదు, నెట్‌వర్క్ తెగలేదు, లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు. గది సంఖ్యనూ అక్కడి స్థానిక సమయాన్నీ కలిపి యూనిక్ కీగా, అంటే రెండు వరుసల్లో ఒకే విలువ రానివ్వని గుర్తుగా పెట్టుకున్నారు. శీతాకాలానికి గడియారాలను గంట వెనక్కి జరపడంతో ఆ రాత్రి అక్కడ ఒంటిగంటకూ రెండింటికీ మధ్య గంట రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చిన 1:00, 1:01, 1:02లను డేటాబేస్ డూప్లికేట్లుగా ఎంచి తిప్పికొట్టింది; డూప్లికేట్ వస్తే పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో ఎప్పుడో రాసి ఉంచారు. పోయిన ఆ గంట మళ్లీ దొరకలేదు.

గడియారాలను ఎందుకు మారుస్తారో, యూటీసీ (ఎక్కడా ముందుకూ వెనక్కూ జరగని ప్రపంచ ప్రమాణ సమయం) అంటే ఏమిటో తెలిసినవారి కోసమే ఈ జాగ్రత్తలు. వీటన్నిటి వెనుకా ఉన్న తప్పు ఒకటే: ఏ ఊరిదో చెప్పని గంటను డేటాబేస్‌లో దాచడం.

ముందుగా తారీఖులు

2026లో యూరప్ గడియారాలు అక్టోబరు 25న, అమెరికా గడియారాలు నవంబరు 1న వెనక్కి జరుగుతాయి. గడియారం మార్చే యూరప్ దేశాల్లో అది ఒకే క్షణంలో, మనకు ఆదివారం ఉదయం 6:30కు జరుగుతుంది. అమెరికాలో అలా కాదు: తూర్పు తీరంలో మన లెక్కన ఉదయం 11:30కు మొదలై, ఒక్కో మండలం దాటుకుంటూ పసిఫిక్ తీరానికి మధ్యాహ్నం 2:30కు చేరుతుంది. ఆ వేళకు రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో చాలావరకు మనుషులుండరు.

మనవాళ్లు ఈ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టలేకపోవడానికి అంతకంటే పెద్ద కారణం మన గడియారమే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొన్నేళ్లు గంట ముందుకు జరపడం తప్పిస్తే భారత సమయం యూటీసీకి అయిదున్నర గంటల ముందు స్థిరంగా నిలిచి ఉంది. విశాఖలోని ల్యాప్‌టాప్‌పై మన టైమ్ జోన్‌లోనే నడిపిన పరీక్ష ఏదైనా సరే, ఈ లోపాన్ని బయటపెట్టలేదు.

కాలమ్‌లో నిజంగా ఏముంది

పోస్ట్‌గ్రెస్‌లో టైమ్ జోన్ లేని టైమ్‌స్టాంప్, మైసీక్వెల్‌లో డేట్‌టైమ్, ఒరాకిల్‌లో డేట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్2: ఈ నాలుగు డేటాబేస్‌ల కాలమ్ రకాలూ ఇచ్చిన అంకెలను ఇచ్చినట్టే దాచుకుంటాయి. అందులో 1:30 అని ఉంటే అది మొదటి 1:30యా, రెండోదా అన్నది ఏ నిపుణుడూ చెప్పలేడు, ఎందుకంటే ఆ సమాచారం రాసిన క్షణంలోనే పోయింది. తర్వాత ఎంత మంచి లైబ్రరీ తెచ్చినా తిరిగి రాదు. ఏ ఊరిదో చెప్పని గంట కోసిన అంచుల చీర వంటిది. ఎంత తీసేశారో మిగిలిన గుడ్డను చూసి చెప్పలేము.

పోస్ట్‌గ్రెస్‌లో టైమ్ జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ పేరును చూసి చాలామంది అది జోన్‌ను కూడా దాస్తుందనుకుంటారు. దాచదు. విలువను యూటీసీకి మార్చి దాచి, చూపేటప్పుడు సెషన్ జోన్‌లోకి, అంటే ఆ కనెక్షన్‌కు పెట్టిన జోన్‌లోకి మారుస్తుంది. మైసీక్వెల్ టైమ్‌స్టాంప్ కూడా అదే పని చేస్తుంది, అయితే 2038 జనవరి 19 దాటదు. జరిగిపోయిన సంఘటనలకు ఇలా యూటీసీలో దాచడమే సరి.

జరగబోయే వాటికి మాత్రం యూటీసీ ఒక్కటే చాలదు. వచ్చే ఏడాది ఫలానా ఊరిలో ఉదయం తొమ్మిదికి అని మాట ఇచ్చినప్పుడు, ఈలోగా ఆ దేశం నియమాన్నే మార్చవచ్చు. మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో ఈ మార్పును ఎత్తివేసింది, ఈజిప్టు 2023లో తిరిగి తెచ్చుకుంది, అదే ఏడాది లెబనాన్ మార్పుకు కొద్ది రోజుల ముందు నిర్ణయం మార్చి దేశాన్నే గందరగోళపరిచింది. అందువల్ల అపాయింట్‌మెంట్లకు స్థానిక సమయాన్నీ 'అమెరికా/న్యూయార్క్' వంటి పూర్తి జోన్ పేరునూ పక్కపక్కనే దాచాలి.

మార్చిలో తేడా

మార్చిలో గంట రెండుసార్లు రాదు, అసలే రాదు. అమెరికాలో చాలాచోట్ల 2027 మార్చి 14న 2:30 అనే సమయమే లేదు. టైమ్ జోన్ ఉన్న కాలమ్‌లో దాన్ని రాయబోతే పోస్ట్‌గ్రెస్ మాట్లాడకుండా 3:30గా తీసుకుంటుంది. మైసీక్వెల్ టైమ్‌స్టాంప్ కాలమ్ స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు విలువలను ఒప్పుకోని అమరికలో) తిరస్కరిస్తుంది, లేకపోతే తానే 3:00కు సరిచేస్తుంది. ఒరాకిల్ ఓఆర్‌ఏ-01878 అనే ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ ఇచ్చే డేటాబేసే మేలు.

ఇక వరుసగా

- న్యూయార్క్ జోన్‌తో, నవంబరు 1 తేదీతో, 1:30ను రెండుసార్లు రాసి పరీక్షించండి. రెండు వరుసలూ వేర్వేరుగా మిగలకపోతే మిగతా పనులు ఆపండి.
- స్థానిక సమయంపై యూనిక్ కీ పెట్టకండి.
- డూప్లికేట్లను మౌనంగా వదిలేసే ప్రోగ్రాం వాక్యాలను వెతికి, కనీసం ఎన్ని వదిలేశాయో లెక్క రాయించండి.
- ఐఎస్‌టీ వంటి పొడి అక్షరాలను జోన్ పేరుగా వాడకండి. ఇజ్రాయెల్‌కూ ఐర్లాండ్‌కూ అవే అక్షరాలున్నాయి.
- 'ఈటీసీ/జీఎంటీ+5' అంటే గ్రీనిచ్‌కు పడమర అని అర్థం, తూర్పు కాదు. గుర్తు తలకిందులు. అసలు వాడకండి.
- మైసీక్వెల్‌లో జోన్ పట్టికలు లోడ్ చేశారో లేదో చూడండి. చేయకపోతే పేర్లతో చేసే మార్పిడికి ఎర్రర్ రాదు, నల్ (ఖాళీ విలువ) వస్తుంది.
- ఒక రోజు కలపడం, 24 గంటలు కలపడం ఒకటి కాదు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ రెండింటికీ ఆ వారాంతంలో వేర్వేరు జవాబులొస్తాయి.
- పాత కాలమ్ రకాన్ని విశాఖ సెషన్ నుంచి మార్చకండి. ఏ జోన్ నుంచి అన్నది స్పష్టంగా రాయకపోతే న్యూయార్క్ గంటలను మన గంటలుగా ఎంచి, కాలాన్ని బట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటలు పక్కకు నెడుతుంది.
- స్థానిక సమయం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య ఏ జాబ్‌నూ పెట్టకండి. పెట్టితీరాలంటే షెడ్యూలర్‌కు యూటీసీ ఇవ్వండి.
- టైమ్ జోన్ నియమాల ఫైలును ఆపరేటింగ్ సిస్టమ్‌లో, జావాలో, డేటాబేస్‌లో విడివిడిగా అప్‌డేట్ చేయండి. ఒకదాన్ని చేస్తే మిగతావి మారకపోవచ్చు.
- వ్యవధులను స్థానిక గంటల తీసివేతతో లెక్కించకండి.
- పాత డేటాలో నవంబరు ఆదివారాలను ఐడీ వరుసలో చూడండి. గంట ఉన్నట్టుండి వెనక్కి నడిచిన చోట రెండో గంట మొదలైనట్టు స్థూలంగా గుర్తించవచ్చు. అది కూడా వరుస సంఖ్య ఉంటేనే.
- ఏ ఊరిదో చెప్పని గంట ఉన్న ప్రతి కాలమ్ పేరూ రాసుకోండి. అక్టోబరు 25లోపు మార్చలేనివాటి పక్కన ఆ గంటలు ఏ ఊరివో రాసి పెట్టండి.
- నవంబరు 1 ఆదివారం మన ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 4 వరకు ఒక మనిషి స్క్రీన్ ముందు ఉండాలి. పేరు ఇప్పుడే రాయండి.