వాపును గమనించడం నేర్చుకుందాం – 3వ పాఠం: కళ్ల చుట్టూ, చేతులకు

పోయిన పాఠంలో మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందో లేదో చూశాం. కళ్ల దగ్గర, చేతుల మీద నొక్కి చూడటం కన్నా వాపు ఏ వేళప్పుడు వస్తోంది, దాంతోపాటు ఇంకేం ఉంది అన్నవే ఎక్కువ చెబుతాయి.

కళ్ల చుట్టూ చర్మం పలచన, దాని కింద అంతా వదులు. రాత్రి పడుకున్నప్పుడు ఒంట్లో ఎక్కువైన నీరు అక్కడ చేరుతుంది, లేచి తిరుగుతుంటే కాళ్లలోకి దిగుతుంది. రాత్రి ఆవకాయ, అప్పడాలు గట్టిగా తిన్నా, నిద్ర చాలకపోయినా, బాగా ఏడ్చినా పొద్దున కళ్లు ఉబ్బుతాయి. కాసేపటికి తగ్గిపోతే టెన్షన్ అక్కర్లేదు. ఉప్పు మాత్రం రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడిలోని ఉప్పూ ఆ లెక్కలోదే.

రోజూ పొద్దున్నే అదే ఉబ్బు కనిపిస్తుంటే మూత్రం గమనించండి. నురుగు పట్టి, ఎంతకీ విరగకుండా ఉంటే ప్రొటీన్ పోతోందేమో అనుకోవాలి. కిడ్నీలో వడపోత దెబ్బతింటే రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో పోతుంది, ఒంట్లో నీరు చేరుతుంది. ఇలా ప్రొటీన్ బాగా పోయే కిడ్నీ జబ్బును నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. పిల్లల్లో అది చాలాసార్లు కళ్ల ఉబ్బుతోనే మొదలవుతుంది. అలర్జీ అనుకుని చుక్కల మందు వేస్తూ రోజులు గడిపేస్తారు. మామూలు మూత్ర పరీక్షతో బయటపడే జబ్బు అలా ముదరడం చూస్తే బాధేస్తుంది.

మొహం ఉబ్బి, నొక్కినా గుంట పడక, నీరసం, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

చేతులకు ఉంగరమే కొలత. ఎండలో చాలాసేపు నడిస్తే బిగుసుకుంటుంది, నీడపట్టున కూర్చుంటే వదులవుతుంది. అలా కాకుండా వేళ్ల కణుపుల దగ్గరే వాచి, పొద్దున గంటసేపు పిడికిలి బిగించలేకపోతే కీళ్లవాతం కావచ్చు. ఒక్క చెయ్యే వాస్తే దెబ్బో, ఇన్ఫెక్షనో, రక్తనాళంలో గడ్డో చూడాలి. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. నీరు లాగే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

రెండు సందర్భాల్లో ఆగకూడదు. అయిదు నెలలు దాటిన గర్భిణికి మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బితే ఆ రోజే బీపీ చూపించాలి. 140/90 ఉన్నా, దాటినా, తలనొప్పి, మసక చూపు ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లతోపాటు పెదాలు, నాలుక ఉబ్బి ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయాలి.

అభ్యాసం: వారం పాటు పొద్దున, సాయంత్రం ఉంగరం బిగువు, కళ్ల ఉబ్బు, ముందురోజు తిన్నది, వాడిన మందులు రాయండి. పొద్దున లేవగానే బరువు కూడా చూసుకోండి. మధ్యలో వాపు పెరిగితే వారం ఆగకుండా డాక్టరుకు చూపించండి. వచ్చే పాఠంలో మూత్ర పరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకుందాం.