సెలవులకు ఊరెళ్లే ముందు కంప్యూటర్‌ను ఎలా సిద్ధం చేసుకోవాలి?

విశాఖపట్నంలో సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు ముగిసిన మరుసటి వారం కంప్యూటర్లు బాగుచేసే మావంటి వారికి చేతినిండా పని ఉంటుంది. పది, పదిహేను రోజులు తాళం వేసిన ఇంట్లో కదలకుండా ఉండిపోయిన సీపీయూలు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి పెద్ద జబ్బేమీ ఉండదు. ప్రయాణానికి ముందు ఒక పూట శ్రద్ధ పెట్టి ఉంటే అవి మా దాకా రావలసిన అవసరమే ఉండేది కాదు. నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఏటా సెలవులకు కుటుంబంతో అరకు వైపో లంబసింగి వైపో వెళ్లి వస్తుంటాను. ఈ రెండింటిలోనూ నేర్చుకున్న దానిని బట్టి, ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా చెబుతాను.

ముందుగా మన ఊరి గాలి గురించి తెలుసుకోవాలి. ఒకసారి కిర్లంపూడి లేఅవుట్ నుంచి విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ఫోన్ చేసి, "ఫ్యాను తిరుగుతోంది బాబూ, బొమ్మ మాత్రం రావడం లేదు" అన్నారు. రెండు వారాలు కూతురి దగ్గర ఉండి ఆ ఉదయమే తిరిగి వచ్చారట. సీపీయూ పక్క తలుపు తీసి చూస్తే, మామూలుగా పొడిపొడిగా ఉండవలసిన దుమ్ము జిడ్డులా వేలికి అంటుకుంది. స్క్రూల తలలు గోధుమ రంగుకు తిరిగాయి. ర్యామ్ తీసి వెలుతురులో పట్టుకుంటే, బంగారు పూత ఉన్న అంచు మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. మనవరాలి పెన్సిల్ డబ్బాలోని రబ్బరు అడిగి తీసుకుని, ఆ అంచును రెండు వైపులా మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టును బ్రష్‌తో దులిపి, మళ్లీ స్లాటులో పెట్టి రెండు కొనలూ టక్కుమనే దాకా నొక్కాను. బొమ్మ వచ్చింది. "కొత్తది కొనాలేమో అని మా అబ్బాయికి కూడా చెప్పేశాను" అన్నారాయన. "ఏమీ అక్కర్లేదు మేష్టారూ" అని తలుపు బిగించాను.

సముద్రపు గాలిలో వచ్చే సన్నటి ఉప్పు కణాలు తేమను పీల్చుకుని, ఆరకుండా లోహానికి అంటుకుని ఉంటాయి. రోజూ వాడే కంప్యూటరులో పుట్టే వేడి ఆ తేమను కొంతవరకు ఆరబెడుతుంది. సెలవుల్లో ఆ వేడి ఉండదు. కిటికీలు మూసిన గదిలో గాలి కూడా ఆడదు కనుక, కనెక్షన్లు ఉన్నచోట్ల లోహం చెడిపోవడం మొదలవుతుంది. తీరానికి దగ్గరగా, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, భీమిలి వైపు ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

వారం రోజుల ముందు: బ్యాకప్

అన్నింటికన్నా ముఖ్యమైన పని ఇదే. మిగిలిన భాగాలు చెడిపోతే డబ్బుతో కొనుక్కోవచ్చు, పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్ కాపీలు, వ్యాపారం లెక్కలు మాత్రం అలా దొరకవు. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మొత్తం మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల పరికరాల మీద ఉండాలి, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి అన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో మరొకటి ఉంటే సరిపోతుంది.

ఇంటి బయట ఎందుకు అని చాలామంది అడుగుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద విరుచుకుపడినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, వాన నీరు గదుల్లోకి కొట్టి, కరెంటు రోజుల తరబడి లేకుండా పోయింది. తరువాతి వారాల్లో నా దగ్గరకు తడిసిన కంప్యూటర్లు వచ్చినప్పుడు, బ్యాకప్ ఉందా అని అడిగితే, ఉందండీ, అదీ ఆ బల్ల సొరుగులోనే ఉందండీ అని కళ్లనీళ్లు పెట్టుకున్నవారు ఉన్నారు. అప్పటి నుంచి నా సొంత డిస్కు ఒకటి అనకాపల్లిలో మా అత్తగారింటి బీరువాలో ఉంటోంది.

డిస్కులోకి ఎక్కించడంతో పని ముగిసిందనుకోకండి. ఆ డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి, అక్కడక్కడ నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని ఫైలును బ్యాకప్ అనలేము. 4 జీబీ దాటిన వీడియో ఎక్కడం లేదంటే డిస్కు పాడైందని కంగారుపడకండి, అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఉన్నవన్నీ మరోచోటికి మార్చుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఆ హద్దు పోతుంది.

మూడు రోజుల ముందు: అప్‌డేట్లు, రికవరీ కీ

ప్రయాణం నాటి రాత్రి అప్‌డేట్ పెట్టకండి. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒక డిసెంబరులో బయలుదేరే ముందు రాత్రి నా ల్యాప్‌టాప్‌లో బయాస్‌కు, అంటే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాముకు, అప్‌డేట్ పెట్టి, రీస్టార్ట్ చేసి చూడకుండానే మూసి సంచిలో పెట్టుకున్నాను. అరకు చేరి, గదిలో కూర్చుని దాన్ని తెరిస్తే, నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసి ఉంచే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ అడిగింది. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాపులు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, బయాస్‌లో మార్పు జరిగితే ఒక్కోసారి 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ నా ఖాతాలో భద్రంగానే ఉంది. ఖాతాలోకి వెళ్లాలంటే ఓటీపీ రావాలి, ఆ గదిలోనేమో ఫోనుకు సిగ్నల్ లేదు. ఒక కస్టమరుకు ఆ సాయంత్రం పంపవలసిన ఫైలు మరునాడు మధ్యాహ్నానికి గానీ పంపలేకపోయాను.

అందుచేత అప్‌డేట్లన్నీ మూడు రోజుల ముందే పూర్తి చేసి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, అంతా సరిగా ఉందని చూసుకున్నాక, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లో మీరు తిరిగివచ్చే వారం దాకా వాటిని నిలిపివేయండి. ఐదు వారాల వరకు ఆపుకునే వీలుంటుంది. 48 అంకెల కీని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు. అదే సెట్టింగ్స్‌లో, ప్రైవసీ విభాగంలో ఉండే ఫైండ్ మై డివైస్‌ను ఆన్ చేసి ఉంచితే, ల్యాప్‌టాప్ పోయినప్పుడు అది చివరిసారి ఎక్కడ ఉందో తెలుసుకునే అవకాశం ఉంటుంది. ఇప్పటికీ విండోస్ 10 వాడుతున్నవారు, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందని గుర్తుంచుకుని, బ్యాంకు పనులకు ఆ కంప్యూటరును వాడకపోవడం మంచిది.

బయలుదేరే రోజు: ఇంట్లో వదిలి వెళ్లేవాటికి

షట్‌డౌన్ నొక్కేటప్పుడు కీబోర్డు మీద షిఫ్ట్ మీటను పట్టుకుని నొక్కండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, నడుస్తున్న విండోస్‌లో కొంత భాగాన్ని డిస్కులో దాచి పెట్టి ఆపుతుంది. ఆ తరువాత గోడ స్విచ్ ఆపి ఊరుకోకుండా, ప్లగ్గును సాకెట్టులోంచి పీకేయండి. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ షట్‌డౌన్ అయిన మదర్‌బోర్డుకు కూడా కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది, పిడుగుపాటు ప్రభావం తీగల గుండా వస్తే చిన్న స్విచ్ దానిని ఆపలేదు. రౌటర్ అడాప్టర్‌ను, రౌటర్ నుంచి సీపీయూకు వచ్చే ల్యాన్ కేబుల్‌ను కూడా తీసేయండి. ఇంటర్నెట్ ఫైబర్‌లో కరెంటు ప్రవహించదు, రాగి తీగతో ఉన్న ల్యాన్ కేబుల్‌లో ప్రవహిస్తుంది. సీసీ కెమెరాల కోసం రౌటర్ నడవవలసిన ఇళ్లలో దానిని వదిలి, ల్యాన్ కేబుల్ ఒక్కటైనా పీకి వెళ్లండి.

యూపీఎస్‌ను ముందు రోజంతా చార్జింగులో ఉంచి, పూర్తిగా నిండాక ఆపి వెళ్లాలి. ఆన్‌లో వదిలేస్తే, కరెంటు పోయినప్పుడల్లా ఖాళీ ఇంట్లో కీచుకీచుమని అరిచి బ్యాటరీని పూర్తిగా పీల్చేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా ఖాళీగా పడి ఉంటే దాని ఆయుష్షు తరిగిపోతుంది. ఇంట్లో వదిలి వెళ్లే ల్యాప్‌టాప్‌ను మాత్రం సగం చార్జితో ఆపి ఉంచండి. లిథియం బ్యాటరీకి నిండుగా ఉండడమూ, సున్నాకు పడిపోవడమూ రెండూ మంచివి కావు. సీపీయూను నేల మీద నుంచి తీసి బల్ల మీద పెట్టి, పలుచని నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు బిగిస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది.

ప్రయాణంలో

విమానంలో వెళ్లేవారు పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్ అవర్ల లోపు ఉన్నవాటికి ఇబ్బంది ఉండదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకును 3.7 వోల్టులతో లెక్కిస్తే 74 వాట్ అవర్లు వస్తుంది కనుక నిశ్చింతగా తీసుకువెళ్లవచ్చు.

అరకు రైలులో అద్దాల పెట్టె ఎక్కితే పిల్లలు వందల కొద్దీ ఫొటోలు తీస్తారు. ఒక సొరంగం దాటగానే లోయ, లోయ దాటగానే మరో సొరంగం వస్తుంటే ఎవరికైనా చేయి ఆగదు. రాత్రి గదికి చేరాక కార్డులోని ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి, కట్ చేసి పేస్ట్ చేయకండి. మధ్యలో కేబుల్ కదిలినా, బ్యాటరీ అయిపోయినా కట్ చేసిన ఫైలుకు ప్రమాదం ఉంటుంది. ఫోను హాట్‌స్పాట్‌తో ఇంటర్నెట్ వాడేటప్పుడు, వైఫై సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటా పొదుపుగా వాడవలసినదిగా, మార్చుకుంటే పెద్ద అప్‌డేట్లు మీ డేటాను మింగవు.

సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో చలికాలం మరొక జాగ్రత్త కావాలి. ఒకసారి మా తమ్ముడు ల్యాప్‌టాప్‌ను రాత్రంతా కారు డిక్కీలో వదిలి, తెల్లవారాక గదిలోకి తెచ్చాడు. అక్కడ నలుగురం మనుషులం, పక్కనే స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. చూస్తుండగానే ల్యాప్‌టాప్ మూత మీద, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు తేమ పొర పట్టింది. బయట కనిపించిన ఆ తేమే లోపల మదర్‌బోర్డు మీదా పడుతుంది. వాడు పవర్ బటన్ మీద వేలు పెట్టబోతుంటే ఆపి, సంచిలో పెట్టి జిప్పు మూయించి, రెండు గంటల తరువాత ఆన్ చేయించాను. చల్లబడిన పరికరాన్ని తేమగా ఉన్న వెచ్చటి గదిలోకి తెస్తే, అది గది వేడికి అలవాటు పడేదాకా సంచిలోంచి తీయకూడదు.

తిరిగి వచ్చాక

ఇంటికి రాగానే స్విచ్ వేయకండి. కిటికీలు తెరిచి, గదిలో ఫ్యాను ఒక గంట తిరగనివ్వండి. సీపీయూ వెనుక జాలీ దగ్గర టార్చి వేసి చూడండి. ఖాళీ ఇంట్లో చీమలు, బల్లులు ఎస్‌ఎంపీఎస్‌లోకి, అంటే సీపీయూలో కరెంటు అందించే డబ్బాలోకి, దూరడం నేను చాలాసార్లు చూశాను. యూపీఎస్‌ను ముందుగా చార్జింగులో పెట్టి, ఆ తరువాతే కంప్యూటర్ ఆన్ చేయండి.

బొమ్మ రాకపోతే ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు పోయాక, పైన చెప్పిన విధంగా ర్యామ్‌ను రబ్బరుతో శుభ్రం చేసి చూడండి. ఇసుక కాగితం గానీ చాకు మొన గానీ వాడితే బంగారు పూత లేచిపోతుంది. బొమ్మ వచ్చి, వెబ్‌సైట్లు మాత్రం భద్రత లేదంటూ తెరుచుకోకపోతే తేదీ చూడండి. ప్లగ్గు తీసి ఉంచిన రోజుల్లో గడియారం మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 సెల్లు మీదే నడుస్తుంది. పాత సెల్లు ఈలోగా అయిపోయి ఉంటే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, దానితో వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. గడియారాల దుకాణంలో తక్కువ ధరకే దొరికే ఆ 3 వోల్టుల సెల్లు మార్చి తేదీ సరిచేస్తే చాలు.

ఇక ఆపి ఉంచిన అప్‌డేట్లను పూర్తి చేసి, ల్యాప్‌టాప్‌లోని ప్రయాణం ఫొటోలను బయటి డిస్కులోకి, అక్కడి నుంచి రెండో చోటికి ఎక్కించండి. మూడు చోట్లా ఫొటోలు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కెమెరా కార్డును ఫార్మాట్ చేయండి.